అక్క తీగలు, బావ ఉమ్మి

మా అక్క ఉద్యోగం ఉమ్మి పట్టడం. పళ్ల డాక్టర్ల కాలేజీ ల్యాబులో, పళ్లకు తీగలు కట్టించుకున్నవాళ్లను కూర్చోబెట్టి, గొట్టంలో ఉమ్మించి, మూత బిగించి పరీక్షకు పంపుతుంది. తీగల్లోని నికెల్ లాలాజలంలోకి ఏపాటి దిగుతోందో తేల్చే పరీక్ష అది. ఇంట్లో మమ్మల్ని దాన్ని 'శాంపిల్' అనమంటుంది. ఎంత గౌరవించినా ఉమ్మి ఉమ్మే కదా.

పొద్దస్తమానం అందరి పళ్లూ చూసి చూసి, నలభై దాటాక తన ఎత్తుపళ్లూ సరిచేయించుకోవాలని కోరిక పుట్టింది. చిన్నప్పుడు అడిగితే నాన్న "నములుతున్నాయి కదా!" అన్నాడు. పళ్ల గురించి ఆయన సిద్ధాంతం అంతవరకే. ఇప్పుడు సొంత జీతంతో తీగలు కట్టించుకుని, కనబడ్డవాళ్లకల్లా నోరు తెరిచి చూపించింది. పెళ్లినాటి నగలు కూడా అంత మురిపెంగా చూపించలేదు.

నెల తిరక్కుండా పెదవుల లోపల దద్దుర్లు లేచాయి. గిల్టు కమ్మల్లోని నికెల్‌కే చెవులు పుండ్లు పడే మనిషి, ఆ సంగతి తీగలు కట్టే డాక్టరమ్మకు ముందే చెబితేనా! చెబితే తీగలు కట్టరని భయం. డాక్టరమ్మ దద్దుర్లు చూసి, "రేపు నీ శాంపిల్ కూడా పెట్టు. నికెల్ ఎక్కువుంటే తీగలు తీసేద్దాం" అంది.

ఒకసారి తీసేస్తే మళ్లీ కట్టించుకునే ధైర్యం అక్కకు రాదు. అందుకే ఓ దిక్కుమాలిన ఆలోచన చేసింది. తీగల్లేని నోరు ఇంట్లోనే ఉండగా దిగులెందుకని, పనిలో ఉన్న బావ ముందు గొట్టం పెట్టింది.

బావ సోఫాలు కుడతాడు. రెండు చేతులకూ పని కాబట్టి, నికెల్ పూత పూసిన మేకులన్నీ పెదవుల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడతాడు. ఎందుకని కూడా అడగలేదు, అడగడానికి నోరు ఖాళీ లేదు. మేకులు చేతిలోకి తీసి, గొట్టంలో ఉమ్మి, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. ఊరందరికీ నికెల్ పాఠాలు చెప్పే మహాతల్లి ఎదురుగా నిలబడి చూసింది. ఆ మేకుల మీదున్నదీ నికెలేనని తట్టలేదు!

రిపోర్టు చూసి డాక్టరమ్మ అక్కను కేకేసింది.

"ఇంత నికెల్ నేనెప్పుడూ చూడలేదు. ఇది నోరా, ఇనప సామాన్ల కొట్టా? పద, ఇప్పుడే తీసేస్తా."

అక్కను కుర్చీలో పడుకోబెట్టింది. పటకారు పెదవిదాకా వచ్చేసరికి అక్క బావురుమంది.

"ఆగండి మేడమ్! అది నా ఉమ్మి కాదు, మా ఆయనది!"

డాక్టరమ్మ ముందు తిట్టింది, తర్వాత కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. అక్క అసలు ఉమ్మి పరీక్షిస్తే నికెల్ కొద్దిగానే ఉంది. కానీ పడని ఒంటికి ఆ కొద్దీ చాలట. నికెల్ లేని తీగలు కడతాననీ, పళ్లు సర్దుకోవడానికి ఇంకో ఏడాది ఎక్కువ పడుతుందనీ చెప్పింది.

"పదేళ్లు పట్టినా పర్లేదు మేడమ్" అంది అక్క.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బావ సోఫా ముందు సుత్తి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఇవాళే రిపోర్టనీ, తేడా వస్తే తీగలు తీసేస్తారనీ అక్క చెప్పి వెళ్లింది; పాపం, పొద్దుట్నుంచీ పని సాగలేదు. నోటినిండా మేకులతో, 'తీసేశారా?' అన్నట్టు కళ్లెగరేశాడు.

"లేదు, మారుస్తారట" అంది అక్క, ఆయన గడ్డం కింద అరచెయ్యి పట్టి. "తీసెయ్యమన్నది మీ నోట్లోవి. ఊసెయ్యండి."