సంగటి వేడికి మెత్తబడిన పట్టీ

చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీలో నా పని, ఆకారం మార్చుకునే విమానం రెక్కల మీద. రెక్క వంగేటప్పుడు మెత్తగా ఉండాలి, వంగాక బిగుసుకోవాలి. అందుకని గాజునార పొరల మధ్య, వేడికి మెత్తబడే ప్లాస్టిక్ పెడతాం. ఇంతవరకు ఏ విమానమూ మమ్మల్ని పిలవలేదు. పిలిచింది మా అవ్వ మణికట్టు.

కెంచార్లహళ్ళి ఇంట్లో జారిపడి ఆమె ఎముక చిట్లింది. పిండికట్టు విప్పాక ఇంకొన్నాళ్ళు మణికట్టు కదలకూడదన్నాడు డాక్టరు. ఆయనను ఒప్పించి, మా ల్యాబు సరుకుతోనే అరచేతి దాకా వచ్చే పట్టీ చేశాను. వేడినీళ్ళలో ముంచి, ఒళ్ళు కాలనంత ఆరనిచ్చి, ఆమె చేతికి అదిమి, తాళ్ళతో కట్టాను. చల్లారగానే రాయిలా బిగుసుకుంది. నా అంత మేధావి చింతామణి తాలూకాలోనే లేడనుకున్నాను.

మర్నాడు సాయంత్రం వచ్చి చూస్తే పట్టీ దొప్పలా వంగి ఉంది. అవ్వ పొగలు కక్కే సంగటిని ముద్ద చేసింది. ఆ వేడికి పట్టీ మెత్తబడింది. ముద్ద అంటుకోకుండా చేతిని చన్నీళ్ళలో ముంచింది. అది ఆ ఒంపులోనే బిగుసుకుపోయింది. ల్యాబులో మాకు ఏనాడూ అంత చక్కటి ఒంపు రాలేదు.

"ఎముక వంకరగా అతుక్కుంటే ఏం చేస్తావవ్వా?" అని అరిచాను.

"మీ అమ్మ చేస్తే సంగటిలో అన్నీ ఉండలే కదప్పా. ఈ చెయ్యి పనికి రాకపోతే ఈ ఇంట్లో నేను యాల?"

నిజంగా బాధేసింది.

ఇంకా ఎక్కువ వేడికి మెత్తబడేలా చేద్దామంటే, తొడిగేటప్పుడు ఆమె తోలు ఊడుతుంది. సైన్సు చేతులెత్తేసింది. ఇక మిగిలింది నేనే. పట్టీని మళ్ళీ వేడినీళ్ళలో వేసి సరిచేసి, తెడ్డు నేను పట్టాను. రోజూ వేళ్ళు కాల్చుకున్నాను. అవ్వ పక్కనే పీట వేసుకుని, "ఇది ముద్దనా, మట్టిపెళ్ళనా? ఏం సదివినావప్పా!" అని తిడుతూనే మొత్తం తినేది.

మొన్న డాక్టరు ఎముక అతికిందని, ఇక పట్టీ తీసేసి అన్ని పనులూ చేసుకోవచ్చని చెప్పాడు. అవ్వ చేతి సంగటి కోసం మంచి ఆకలి మీద ఇంటికొచ్చాను. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. అవ్వ పీట మీద కూర్చుని ఉంది. చేతికి పట్టీ.

"డాక్టరు తీసేయమన్నాడు కదవ్వా?"

"ఉడుకు తగిలితే ఇది మెత్తబడతాదని నువ్వే కదప్పా చెప్పినావు" అంటూ తెడ్డు నా వైపు జరిపింది.