కారు లైసెన్సుతో లారీ ఎక్కిన మా బావ

మా అక్క మొగుడికి కారు తోలే లైసెన్సు ఉండేది. పంతొమ్మిది వందల యాభైల్లో కోయిలకుంట్ల చుట్టుపక్కల లైసెన్సు ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అందుకని ఆయన దాన్ని జుబ్బా జేబులో సగం బయటికి కనబడేలా పెట్టుకుని పెళ్లిళ్లకు కూడా పోయేవాడు. అందులో ఏం రాసి ఉందో మాత్రం ఏనాడూ చూడలేదు. చదవడమంటే ఆయన దృష్టిలో గుమాస్తాల పని.

నేను చదివాను. మోటారు సైకిలు, కారు, లారీ, దేనికి పరీక్ష ఇస్తే దానికే అనుమతి. జీతానికి తోలాలంటే అదీ వేరే రాయించుకోవాలి. బావకున్నది కారు ఒక్కటే.

వేరుశనక్కాయలు మిల్లుకు చేరవేయడానికి బావ పెద్ద లారీ కొన్నాడు. దాన్ని తోలడానికి కడప నుంచి ఒక సాయిబును జీతానికి పెట్టుకున్నాడు. ఆ మనిషి ఏళ్ల తరబడి క్లీనరుగా చాకిరీ చేసి లారీ లైసెన్సు సంపాదించుకున్నాడు. ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతున్నారు.

పూజ రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అవి తొక్కించేటప్పుడు యజమాని బండిలో ఉండాలని మా వైపు ఆచారం. డ్రైవరు పక్కన కూర్చుంటే చాలు. బావ పోయి స్టీరింగు ముందే కూర్చున్నాడు.

"నీ లైసెన్సు దీనికి పనికిరాదు బావా" అన్నాను.

"శానా సదివినావులేప్పా! సిన్నెద్దుకొక లైసెన్సు, పెద్దెద్దుకొక లైసెన్సు యాడన్నా ఉండాదా?"

చుట్టూ చేరిన భజనపరులు పగలబడి నవ్వారు. ఆయన తుమ్మినా నవ్వే రకాలు వాళ్లు.

లారీ నిమ్మకాయలు తొక్కింది గానీ అక్కడ ఆగలేదు. ఎదురుగా ఉన్న టీ అంగడి గోడ కూలగొట్టి, లోపల కూర్చున్న ముసలాయన కాలు విరగ్గొట్టింది. బావ దిగి పంచె దులుపుకున్నాడు. ముసలాయన వైపు చూడనైనా చూడకుండా డ్రైవరును పిలిచాడు.

"నువ్వే తోలినావని చెప్పప్పా. నీకు లారీ లైసెన్సు ఉండాది. నాది కారుది గదా!"

అంతవరకు బుర్రకెక్కని తేడా ఒక్క క్షణంలో ఎంత బాగా ఎక్కిందో! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒప్పుకోవద్దు, నీ లైసెన్సు పోతుంది" అని డ్రైవరుకు చెప్పాను.

"ఈయన్ని కాదంటే ఈ పక్క నాకు పనెవురిస్తారప్పా?" అన్నాడతను.

పోలీసులకు నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. డ్రైవరే ఒప్పుకున్నాక నా మాట ఎవరిక్కావాలి? కోర్టులో అతని లైసెన్సు రద్దయింది. లారీకి ఇంకో డ్రైవరు వచ్చాడు.

పాత డ్రైవరును బావ తన ఎద్దులబండి తోలడానికి పెట్టుకున్నాడు. ఆ ధర్మం గురించి ఊరంతా చెప్పుకునేలా చూసుకున్నాడు. ఒకరోజు నా ముందే అతని భుజం తట్టాడు.

"ఎద్దులబండికి లైసెన్సు అక్కర్లేదు గదప్పా, నీకేం బాధ?"

అతను తల వంచుకుని పగ్గాలు సర్దుకున్నాడు. బావ జుబ్బా జేబులో కారు లైసెన్సు ఎప్పటిలాగే సగం బయటికి కనబడుతోంది.