మగ్గం ఆగిన ఇల్లు

రేడియో పట్టుకోవడానికి కళ్లు అక్కర్లేదు, చెవులు చాలు అనేవారు భీమసేనరావు గారు. గొప్ప కోసం అన్న మాట కాదది. సాయంత్రం ఆఫీసుకొచ్చి, చెప్పులు విడిచి, అరికాళ్లు ఒత్తుకుంటూ అనేవారు.

ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉండాలంటే లైసెన్సు ఉండాలి. ఏటా పోస్టాఫీసుకొచ్చి చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. వేయించుకోని వాళ్లను వెతికి పట్టుకోవడానికి ఒక ఇన్‌స్పెక్టరు. డెబ్బై నాలుగు నుంచి ఆదోని, ఎమ్మిగనూరు, ఆ చుట్టుపక్కల ఊళ్లు రావుగారికి అప్పగించారు. ఆదోని పోస్టాఫీసులో ఆయన పక్క బల్ల గుమాస్తాను నేను, వెంకటేశులును. జప్తు చేసిన సెట్లు పెట్టే బీరువా తాళంచెవి నా మొలతాడుకు వేలాడేది.

మొదట్లో పని సులువు. మిద్దె మీద ఏరియల్ తీగ కనిపిస్తే కింద రేడియో ఉన్నట్టే. ట్రాన్సిస్టర్లొచ్చాక తీగలు పోయాయి. అప్పుడాయన బ్యాటరీ సెల్లుల మీద పడ్డారు. నీరసించిన సెల్లు పారేయడం మావాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. ఎండలో పెడితే ఇంకో నాలుగు రోజులు పాడతాయని పిట్టగోడ మీద వరుసగా నిలబెడతారు. రావుగారు తలెత్తుకుని సందుల్లో నడిచేవారు, నడుస్తూ రెండుసార్లు కాలువలో పడ్డారు. జనానికి ఈ సంగతి తెలిశాక సెల్లులు పెరట్లోకి మారాయి.

ఎమ్మిగనూరు నేతవాళ్ల సందులో మాత్రం ఇవేవీ పనిచేయలేదు. అక్కడ ఏ ఇంట్లో చూసినా గుంతమగ్గమే. నేసేవాడి ఒక చేయి తాడు లాగుతుంది, ఇంకో చేయి పలక నెడుతుంది, కాళ్లు గుంతలో చెక్కలు తొక్కుతుంటాయి. ఇన్‌స్పెక్టరు వచ్చినాడని సందు మొదట్లో ఎవరో ఒకరు దగ్గేవాళ్లు. అంతే, పాటలన్నీ మాయం. వినిపించేది మగ్గాల చప్పుడొకటే. కొన్నాళ్లు ఉత్తచేతులతో తిరిగొచ్చాక ఆయనకు తట్టింది. పాట ఆపడానికి రేడియో చెవి తిప్పాలంటే నేసేవాడు చేయి తీయాలి. చేయి తీస్తే మగ్గం ఆగుతుంది. ఆ దగ్గు వినపడగానే ఏ ఇంట్లో మగ్గం ఒక్క క్షణం తడబడిందో ఆ ఇంట్లో సెట్టు ఉన్నట్టు. ఆ తర్వాత ఆయన సందులో నిలబడి కళ్లు మూసుకునేవారు. నేరుగా వెళ్లి ఆ తలుపే తట్టేవారు. ఆయనకు కర్ణపిశాచి ఉందని ఆడవాళ్లు చెప్పుకునేవారట.

నాకు మాత్రం ఆయన్ను చూస్తే జాలి, ఆ ఉద్యోగాన్ని చూస్తే ఒళ్లుమంట. ఆయనది మాధవరం. తండ్రి గుళ్లో కన్నడ దాసర పదాలు పాడేవాడట. పాటంటే చెవి కోసుకునే మనిషి, పదేళ్లలో ఒక్క పాటా చివరిదాకా వినలేదు. ఆయన నీడ పడితే చాలు, రేడియోలు నోళ్లు మూసుకునేవి. భార్య తులసీబాయి ఒక సెట్టు కొనమని ఎన్నోసార్లు అడిగింది. మన ఇంట్లో ఉంటే ఎవరిదో లాక్కొచ్చుకున్నామంటారు అని ఆయన కొననేలేదు.

ఎనభై నాలుగు వానాకాలంలో ఆ సందులోనే హులిగెమ్మ అనే ఆమె మగ్గం ఆగింది. నెలకిన్ని కేసులని పైనుంచి వచ్చే లెక్కకు ఆయన అప్పటికే వెనకబడి ఉన్నారు. లేకపోతే ఆరోజు వినీ విననట్టు వచ్చేసేవారని నా నమ్మకం. మగ్గం రాటకు తాడుతో కట్టిన మూడు బ్యాండ్ల సెట్టు. పక్కనే చాప మీద ఆమె మొగుడు ఉరుకుందప్ప. పక్షవాతం వచ్చి మూడేళ్లుగా అక్కడే. తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా ఆ మనిషికి ఆ రేడియోనే లోకం. ఆదోని మిల్లులో పనిచేసిన శేషన్న అనే అతని దగ్గర కొన్న పాత సెట్టది. లైసెన్సు పుస్తకమూ శేషన్న పేరు మీదే ఉంది, ముద్ర పడి నాలుగేళ్లయింది.

హులిగెమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. మాట్లాడింది ఉరుకుందప్పే.

"తీసుకపోండి సామీ, మీ డ్యూటీ మీది. మళ్లా ఎప్పుడిస్తారో సెప్పిపోండి. నాకు దినం గడవాల గదా."

"దసరా లోపల నేనే తెచ్చిస్తానప్పా," అన్నారు రావుగారు. ఆ మాట ఇచ్చి ఉండాల్సింది కాదు.

సెట్టు నా బీరువాలోకి వచ్చింది. పంచనామాలో ఆయన గుండ్రటి అక్షరాలతో, తోలు కవరుతో, మూడు సెల్లులతో సహా అని రాశారు. సెల్లులు తీసి పక్కన పెడదాం సార్, కారిపోతాయి అన్నాను. సెట్టులో ఉన్నట్టు రాసినాను, ఉన్నది ఉన్నట్టే ఇయ్యాల, వారంలో పోయేదానికి ఎందుకప్పా అన్నారు. నేను తాళం వేశాను. ఆయన చూడకుండా తీసేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాల సంగతి ఇప్పటికీ నన్ను వదలదు.

వారంలో పోలేదు. సెట్టు తిరిగివ్వాలంటే పుస్తకం వాళ్ల పేరుకు మారాలి, దానికి శేషన్న సంతకం కావాలి. శేషన్న మిల్లు మానేసి చిప్పగిరి పోయాడన్నారు. రావుగారు సెలవు పెట్టి చిప్పగిరి వెళ్లారు. ఆడ లేడు, పత్తికొండలో టమోటా గంపలు ఎత్తుతాండాడని అక్కడివాళ్లు చెప్పారు. పత్తికొండకు రెండుసార్లు తిరిగారు. పదేళ్లు రేడియోలను వెతికిన మనిషి ఇప్పుడు బస్సుల్లో నిలబడి ఒక కూలీని వెతికారు. రెండోసారి దొరికాడు, వేలిముద్ర వేశాడు. కాగితం పైకి పంపితే, వేలిముద్రకు సాక్షి సంతకం లేదని తిప్పి పంపారు. మూడోసారి పత్తికొండ, మళ్లీ పైకి కాగితం. దసరా పోయింది, దీపావళి పోయింది, శివరాత్రీ పోయింది. ఆయన ఆ సందువైపు వెళ్లడం మానేశారు. మగ్గాల చప్పుడు వినపడకుండా చుట్టూ తిరిగి బస్టాండుకు పోయేవారు.

ఆ మరుసటేడు ప్రభుత్వం లైసెన్సులే ఎత్తేసింది. జప్తు చేసిన సెట్లు ఎవరివి వాళ్లకు ఇచ్చేయమని కాగితం వచ్చింది. ఇన్‌స్పెక్టరు పనిపోయి టపా మూటల లెక్క రాసే పనికి దిగిన మనిషి, ఆరోజు మెట్లు గబగబా దిగడం చూశాను. తన డబ్బుతో కొత్త సెల్లులు కొన్నారు. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

సందులో అడుగుపెట్టగానే ఎవరో దగ్గారు. మగ్గాలు తడబడ్డాయి, పాటలు ఆగాయి. "ఆపొద్దండమ్మా, ఇంక లేదు అదంతా," అని ఆయన గొణిగారు. ఎవరికీ వినపడలేదు. హులిగెమ్మ మగ్గం మాత్రం ఆగకుండా ఆడుతోంది. ఆపడానికి ఆ ఇంట్లో ఏముంది గనక.

ఉరుకుందప్ప బతికే ఉన్నాడు. సెట్టు చూసి మెడ ఇటు తిప్పాడు. ముఖం అంతా కళ్లయింది. రావుగారు చాప పక్కన కూర్చుని వెనక మూత తీశారు. పాత సెల్లులు ఉబ్బి, కారి, లోపల తెల్లగా పచ్చగా చిలుము పేరుకుని ఉంది. స్ప్రింగు ముట్టుకుంటే విరిగి చేతిలోకి వచ్చింది. జేబురుమాలుతో తుడిచారు, కొత్త సెల్లులు వేశారు, చెవి తిప్పారు. గరగర కూడా రాలేదు. మళ్లీ తిప్పారు. మళ్లీ తిప్పారు. నేను తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు ఉరుకుందప్ప మెల్లగా నవ్వాడు. "పోనీండి సామీ. మీరుండగా అది ఎప్పుడు మోగింది గనక."

ఎత్తిపొడుపు కాదది. మనసు కష్టపెట్టుకోవద్దని అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది. రావుగారు మూత బిగించి, సెట్టు చంకన పెట్టుకుని లేచారు. దారిలో మెకానిక్కుకు చూపిస్తే, లోపలంతా తినేసింది, ఇక పనికిరాదన్నాడు.

రెండు నెలల తర్వాత ఆయన కొత్త సెట్టు కొన్నారు. తులసీబాయి అడిగి అడిగి మానేసిన వస్తువు. దాన్ని ఇంటికి తీసుకుపోకుండా నన్ను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కారు. అమ్మగారు ఏమంటారు సార్ అంటే, పోయి ఇచ్చిరా అన్నది ఆమేనప్పా అన్నారు. సందు మొదట్లో సెట్టు నా చేతికిచ్చి కాలువ పక్క మోరీగట్టు మీద కూర్చున్నారు. మీరూ రండి సార్ అన్నాను.

"నువ్వు పోయి ఇచ్చిరాప్పా. నేనొస్తే ఆగిపోతుంది."

నేను వెళ్లి దాన్ని రాటకు కట్టి, చెవి తిప్పి, స్టేషను తగిలించాను. ఉరుకుందప్ప కళ్లు మూసుకున్నాడు. హులిగెమ్మ నన్నొకసారి చూసి, గొంతు ఇంకా పెంచమంది. తిరిగొచ్చేసరికి రావుగారు చెప్పులు విడిచి, అరికాళ్లు ఒత్తుకుంటూ అక్కడే ఉన్నారు. మగ్గాల చప్పుడు మీదుగా పాట సందు చివరిదాకా వస్తోంది. ఆదోని బస్సు మా ముందే వెళ్లిపోయింది. పాట అయిపోయేదాకా ఆయన లేవలేదు.