నాన్న ఇంజన్లు, అబ్బ మనుషులు

మొన్న ఆదివారం మా అమ్మాయి హెయిర్ డ్రయ్యర్‌లోంచి సన్నగా పొగ వచ్చింది. చిన్న మోటారు వేడెక్కి, లోపలి నూనే దుమ్మూ కలిసి కమిలిన వాసన. "స్పాయిల్ ఆల్రెడీ లా, మా," అని తను ప్లగ్గు పీకేసి వెళ్ళిపోయింది గానీ, నేను సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లోని మా ఫ్లాట్ బాత్రూం గుమ్మంలో నిలబడి ఆ వాసన పోయేదాకా పీలుస్తూనే ఉన్నాను. చిన్నతనం అనగానే తక్కినవాళ్ళకు తడిసిన మట్టి వాసనో, ఇంగువ పోపు ఘాటో గుర్తొస్తాయంటారు. నాకు బొమ్మ రైలింజను మోటారు గుర్తొస్తుంది. దాని వెనకే, ఇన్నేళ్ళైనా చావని ఒక చిరాకు కూడా లేచి కూర్చుంటుంది.

అప్పుడు మేం హౌగాంగ్‌లో ఉండేవాళ్ళం. తొమ్మిదో అంతస్తు, రెండు పడకగదులు. ఒక గదిలో అమ్మా నాన్నా పడుకునేవారు. రెండో గది నిండా ఇంగ్లండు ఉండేది. నేను హాల్లో, టీవీకీ చెప్పుల అరకీ మధ్య పరుపేసుకునేదాన్ని. నాన్న ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని చేసేవాడు, ఇంగ్లండు మొహం ఎన్నడూ చూడలేదు, కానీ అక్కడ ఫలానా కాలంలో ఫలానా పల్లె స్టేషనులో ప్లాట్‌ఫారం అంచుకు ఏ రంగు సున్నం కొట్టేవారో ఆయనకు తెలుసు. మా తరగతి టీచరు పేరు మాత్రం తెలియదు. నడుమెత్తు చెక్కబల్లల మీద గది నాలుగు గోడల వెంటా పట్టాలు వేసి, రంపపుపొట్టుకు ఆకుపచ్చ రంగు పూసి గడ్డి పరిచి, అమ్మ వడకట్టి పారేసే టీ పొడిని ఎండబెట్టి మట్టిగా చల్లి, లోకంలో ఎక్కడా లేని ఒక ఊరు కట్టాడు. దానికి విలోఫోర్డ్ అని పేరు పెట్టాడు. కిటికీ బయట డిసెంబరు వాన కారిడార్లలోకి విసిరి కొడుతున్నా, మార్చి ఎండకు ఆరేసిన బట్టలు అప్పడాల్లా పెళుసెక్కుతున్నా, ఆ గదిలో మాత్రం ఏడాది పొడవునా చల్లటి ఇంగ్లండు సెప్టెంబరే. అక్కడ తినడానికి వీల్లేదు. దీపావళి మురుకులు చేతిలో పట్టుకుని గుమ్మం దాటితే, జిడ్డు వేళ్ళతో పట్టాలు ముట్టుకుంటానని నాన్న నన్ను దొంగను చూసినట్టు చూసేవాడు.

ఇంజన్లు పద్నాలుగు. అన్నీ ఆవిరి ఇంజన్ల ఆకారమే, నడిచేది మాత్రం కరెంటు మీద. నాన్నకు వాటిని నడపడంలో పెద్ద సరదా ఉండేది కాదు, ఏ ఇంజను ఏ షెడ్డుదో తేల్చడంలోనే ఆయన ప్రాణమంతా. పెద్ద షెడ్డుకు తొమ్మిది, కొండ చివరి చిన్న షెడ్డుకు అయిదు. ప్రతి ఇంజను ముక్కు మీదా బియ్యపు గింజంత షెడ్డు నంబరు పలక అతికించేవాడు. నీలం అట్ట రిజిస్టరు ఒకటి ఉండేది. ఏ ఇంజను పొద్దున ఏ బండికి కట్టాలి, ఎక్కడ బొగ్గు పోసుకోవాలి, ఎక్కడ నీళ్ళు పట్టాలి, సాయంత్రం ఏ షెడ్డుకు చేరాలి, వారంలో ఏ రోజు దాని బాయిలరు కడగాలి, అన్నీ అందులో గీతలు కొట్టి మరీ రాసేవాడు. బాయిలరే లేని ఇంజనుకు బాయిలరు కడిగే రోజు! ఒక మంగళవారం నాకు జ్వరం తగ్గి, బడి లేక, ఆకుపచ్చ ఇంజను ఒక్కసారి తిప్పమని అడిగాను. నాన్న రిజిస్టరు తీసి, వేలు పెట్టి చూసి, "ఇవాళ దానికి వాషౌట్, రేపు అడుగు," అన్నాడు. నాకు తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. కింద, బ్లాకు అడుగున ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో రబ్బరు బ్యాండ్ల తాడు కట్టి మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు దూకే ఆడపిల్లల్లో కలిసిపోయి, అక్కడ చెమటోడ్చి ఎగిరిన ప్రతి ఎగురులోనూ ఆ పైగదిని తన్నుతున్నట్టే ఎగిరేదాన్ని.

ఆ ఏడు జూన్ సెలవుల్లో మా అబ్బ వచ్చాడు, నాన్న వాళ్ళ నాన్న. గుంతకల్లులో నిజం ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి. కుడి ముంజేతి మీద చర్మం నున్నగా, వెంట్రుక లేకుండా, కాలిన మచ్చలతో మెరిసేది. చెవులు సరిగ్గా వినబడవు కాబట్టి ఆయన మాట్లాడితే పక్క ఫ్లాటుకు కూడా వినబడేది. సంచిలోంచి ఉగ్గాణికి బొరుగులు, వేరుశనగ ఉండలు, ఎండు మిరపకాయలు తీసి అమ్మకిచ్చాడు. చిట్టచివర పంచె ముక్కలో చుట్టిన పిడికెడు బొగ్గుగడ్డ తీసి నాన్న చేతిలో పెట్టాడు. "మన షెడ్డుదేరా, కడాకు మిగిలింది," అన్నాడు. నాన్న దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ఇంగ్లండు బొగ్గుకు మెరుపెక్కువని గొణిగి, మర్నాడు అమ్మ యాలకులు దంచుకునే కల్వంలో వేసి నూరేశాడు. బొమ్మ ఇంజన్ల వెనక పెట్టెలో చల్లడానికి. అమ్మ ఆ కల్వాన్ని మూడుసార్లు తోమి, నాలుగోసారి బయట పారేసింది. అబ్బ నల్లబడిన నాన్న వేళ్ళకేసి చూశాడు.

శనివారం మధ్యాహ్నాలు నాన్న స్నేహితులు నలుగురు వచ్చేవారు. అందులో పెద్దాయన పక్క బ్లాకులో ఉండే లిమ్ అంకుల్, రిటైరైన బడిపంతులు. చల్లటి బార్లీ నీళ్ళు తాగుతూ, పెళ్ళిచూపుల్లో గోత్రాలు విచారించినట్టు, ఈ నల్ల ఇంజను ఆ సంవత్సరంలో ఈ షెడ్డులో ఉండే అవకాశం ఉందా లేదా అని రెండేసి గంటలు వాదించుకునేవారు. యాభై దాటిన మగవాళ్ళు, ఈల ఊది, చేతిగడియారం చూసి, అరచేతి పొడుగు రైలును ఒక గోడ నుంచి ఇంకో గోడకు పంపి, నిమిషం ఆలస్యమైందని మొహాలు మాడ్చుకోవడం చూస్తే ఆ వయసులోనే నాకు రోత పుట్టేది.

ఆ శనివారం అబ్బ కూడా స్టూలు మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడి ఇంగ్లీషుకూ తెలుగుకూ మధ్య మోయాల్సినవి మోస్తున్నాను. లిమ్ అంకుల్ ఎంతో మర్యాదగా వంగి అడిగాడు.

"యువర్ గ్రాండ్‌ఫాదర్ లాస్ట్ టైమ్ బిగ్ ఆఫీసర్, రైట్? ఆస్క్ హిమ్ లా, హౌ హి డిసైడ్ విచ్ ఇంజన్ గో విచ్ షెడ్?"

నాన్న ఏళ్ళ తరబడి వాళ్ళకు ఏం చెప్పుకొచ్చాడో నాకప్పుడు తెలిసింది. మా అబ్బ ఇంజన్లను షెడ్లకు కేటాయించిన పెద్ద దొరట. నేను అబ్బ చెవి దగ్గర ఉన్నదున్నట్టు అరిచాను. ఆయన కొడుకు వైపు చూశాడు. నాన్న పట్టాల మీదికి వంగి, లేని దుమ్ము తుడుస్తూ, "ఏదో ఒకటి చెప్పి వదిలెయ్," అన్నాడు నాతో, తెలుగులో, తలెత్తకుండా.

"ఆఫీసరు కాదని చెప్పు పాపా," అన్నాడు అబ్బ. "పీలికలు పట్టుకోని ఇంజను తుడిచేదానికి చేరినా. ఆమీద బొగ్గేసినా. ఆమీద డ్రైవరైనా. అంతే చెప్పు."

చెప్పాను. ఒక్క ముక్క మింగకుండా, మంగళవారం నాటి కసి అంతా గొంతులోకి తెచ్చుకుని చెప్పాను. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. లిమ్ అంకుల్ మాత్రం "వా! రియల్ స్టీమ్ డ్రైవర్ ఆ?" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు. నలుగురూ ఆ బొమ్మల్ని వదిలేసి అబ్బ చుట్టూ మూగి, ముంజేతి మచ్చల్ని వేలితో తాకి చూశారు. అది కాలినప్పుడు నొప్పెట్టిందా అని ఒక్కడూ అడగలేదు.

అబ్బ రిజిస్టరు తెమ్మని, నాచేత చదివించుకున్నాడు. నల్ల ఇంజను పొద్దున అయిదింటికి షెడ్డులోంచి కదులుతుందన్నాను. మళ్ళీ షెడ్డుకు చేరేది రాత్రి పదింటికన్నాను.

"డ్రైవరు యాడ దిగుతాడు?" అన్నాడు అబ్బ.

నేను పేజీ అంతా వెతికాను. లేదు.

"పదిహేడు గంటలు ఒగడే నిలబడుకోని ఉండాడా? వాడు అన్నం యాడ తింటాడు? ఇంటికి ఎప్పుడు పోతాడు?"

"ఇది ఇంజన్ల రిజిస్టరు, నాయనా. మనుషులు అక్కర్లేదు," అన్నాడు నాన్న. ఆ మాట ఎవరూ తర్జుమా చెయ్యమని అడగలేదు, నేనూ చెయ్యలేదు.

సోమవారం నుంచి, నాన్న ఆఫీసుకు వెళ్ళగానే, అబ్బ నన్ను హాల్లో చాప మీద కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టాడు. ఆయన చెప్తుంటే నేను నా నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసేదాన్ని, తెలుగు రాయడం నాకప్పటికి రాదు. ఏ రోజుకారోజు షెడ్డు దాటే కొద్ది ఇంజన్లకు పన్నెండు మంది, ఆరు జతలు, జతకో డ్రైవరు, బొగ్గేసేవాడొకడు. అందరూ ఆయనతో పనిచేసినవాళ్ళే. ఎత్తు ఎక్కేటప్పుడు మొరాయించే ఆకుపచ్చ ఇంజనుకు, జన్మలో కోపం రాని హుసేనప్పను వేశాడు. పెళ్ళాం నెలలు నిండి ఉంది కాబట్టి మద్దిలేటికి సాయంత్రానికల్లా ఇల్లు చేరే చిన్న షెడ్డు డ్యూటీ ఇచ్చాడు. పాట పాడకపోతే పార కదలని ఖాజాను, చెవుడున్న డ్రైవరు పక్కన పెట్టాడు, ఎవరికీ ఇబ్బంది లేకుండా. ఒక కోడిపెట్ట గురించి గొడవపడి మాటలు మానేసిన ఇద్దరిని ఒకే ఇంజను ఎక్కనివ్వలేదు. ఎవరు ఎక్కడ దిగాలి, రన్నింగ్ రూములో ఎన్ని గంటలు పడుకోవాలి, ఎవరి క్యారియరు ఏ స్టేషనుకు రావాలి, అంతా అమర్చాడు. సగం మంది అప్పటికే పోయారని మధ్యలో తెలిసింది.

"చచ్చిపోయినోళ్ళకి కూడా డ్యూటీనా అబ్బా?" అన్నాను.

"ఈడ బొగ్గెత్తేది లేదు గదా. చేస్తారులే," అన్నాడు.

నాన్న ఆ కాగితాలు మూడు సాయంత్రాలు చదివాడు. గంటలు కూడికలు వేసి చూశాడు, ఎక్కడా తప్పు దొరకలేదు. ఆయన మొహంలో నేనెప్పుడూ చూడని వెలుగు కనిపించింది, అది చూసి ఒక్కరోజు, కచ్చితంగా ఒక్కరోజు, ఆయన్ని క్షమించాను కూడా. తర్వాత గుండ్రటి అక్షరాలతో రిజిస్టరులోకి ఎక్కించాడు, పేర్లు మార్చి. "విలోఫోర్డ్‌లో మద్దిలేటి ఎక్కడుంటాడే, నవ్విపోతారు," అన్నాడు అమ్మతో. హుసేనప్ప హారిస్ అయ్యాడు. మద్దిలేటి మాథ్యూస్, ఖాజా కార్టర్. పన్నెండు మందికీ పేరులోని మొదటి శబ్దం అలాగే ఉంచాడట, అది ఆయన చేసిన గౌరవం. నా నోటుపుస్తకం కాగితాలు పెన్సిలు చెక్కిన పొట్టుతో పాటు వంటగది చెత్త గొట్టంలోకి, తొమ్మిదంతస్తుల కిందికి పోయాయి. నేను చూస్తూనే ఉన్నాను.

అబ్బ వెళ్ళిపోయే రోజు నాన్న టాక్సీ కోసం కిందికి దిగాడు. అబ్బ ఇస్త్రీ పంచె కట్టుకుని సిద్ధంగా కూర్చుని, "మీ నాయన పుస్తకంలో రాసినాడంట గదా, చదువు పాపా," అన్నాడు. తెరిచాను. హారిస్ అని ఉంది. నాన్నను మళ్ళీ పట్టించడానికి అంతకు మించిన అదును దొరకదని నాకు తెలుసు. అబ్బ చెవి వెనక చెయ్యి ఆనించుకుని, నా పెదాలకేసి చూస్తున్నాడు.

"హుసేనప్ప," అని చదివాను.

ఒకరి తర్వాత ఒకరు, పన్నెండు మందినీ చదివాను. అప్పటికి నాకు నోటికి వచ్చు. ప్రతి పేరుకూ అబ్బ హాజరు వేసుకున్నట్టు తల ఊపాడు. ఖాజా దగ్గర కాస్త నవ్వాడు. నాన్న పైకొచ్చి పెట్టె అందుకోబోతుంటే ఆయన భుజం మీద చెయ్యి వేసి, తొమ్మిదో అంతస్తు అంతా వినబడేలా, "బాగా రాసినావురా ప్రసాదూ. పేర్లన్నీ సరిగ్గా ఉండాయి," అన్నాడు.

నాన్నను అబ్బ మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే. విమానాశ్రయం దాకా టాక్సీలో నాన్న కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆయన్ని చూస్తే జాలి వేయాల్సింది. నాకు వేయలేదు.

మరుసటి ఏడాది అబ్బ పోయాడు. విలోఫోర్డ్ ఇంకో పన్నెండేళ్ళు బతికి, సింగపూర్ తేమకు చెక్కలు ఉబ్బి, పట్టాలు పాముల్లా మెలికలు తిరిగి, బూజు పట్టి పోయింది. ఇంగ్లండును మా వానలు తినేశాయని నేను లోలోపల సంతోషించాను. లిమ్ అంకుల్ కూడా లేడు. ఆ గదిలో ఇప్పుడు అమ్మ ఇస్త్రీ బల్ల, వ్యాయామం చేసే సైకిలు ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా నాన్న రిజిస్టరు తీసి చూపించి, "మా నాయన పేర్లన్నీ విని, సరిగ్గా ఉన్నాయన్నాడు. రైల్వే మనిషి కదా, కచ్చితత్వం విలువ ఆయనకు తెలుసు," అంటాడు. నేను ఆ పక్కనే కూర్చుని, వచ్చినవాళ్ళకు కాఫీ కప్పులు అందిస్తూ, ఆయన్ని అసహ్యించుకుంటాను. అది సగంలో తిరిగి నా మీదికే వస్తుంది.

మొన్న ఆ వాసన పోయాక, హాల్లో కూర్చుని ఆ పన్నెండు మంది పేర్లూ తలుచుకోబోయాను. హుసేనప్ప వచ్చాడు, మద్దిలేటి వచ్చాడు, ఖాజా వచ్చాడు. అక్కడితో ఆగిపోయింది. నాన్న పెట్టిన ఇంగ్లీషు పేర్లు మాత్రం, ఏళ్ళ తరబడి ఆ పుస్తకంలో కనబడుతూ ఉండబట్టి, పన్నెండూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగలను. మిగతా తొమ్మిది మందిలో ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒక్కో పేరు మొదటి శబ్దం మాత్రమే.