శుక్రవారం గంట

గొల్లపల్లి చర్చిలో పాస్టర్ ఆశీర్వాదానికి ఆదివారం కన్నా శుక్రవారమే పని ఎక్కువ. గల్ఫ్‌కు పోయినవాళ్లకు సెలవు ఆ రోజే మరి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫోన్‌ను బైబిలుకు ఆనించి, అందరూ కలిసే వీడియో కాల్‌లో ఒక్కొక్కరినీ "తిన్నవా కొడుకా?" అని పలకరిస్తాడు. వాళ్లు ముచ్చటపడతారని ఊరి చర్చి గంట కొట్టి వినిపిస్తాడు. ఆ తర్వాతే ప్రార్థన.

ఆ రోజు ఉల్లిగడ్డలమ్మే ఆటో మైకులో అరుచుకుంటూ చర్చి ముందు నుంచి పోయింది. కాసేపటికి అదే అరుపు కాల్‌లో, మస్కట్‌లో ఉన్నానంటున్న ఎలీషా వైపు నుంచి వినిపించింది. తను ప్రార్థన చేసి సాగనంపిన మనిషి ఉత్త చేతులతో తిరిగొచ్చి ఇంట్లో దాక్కున్నాడని పాస్టర్‌కు అర్థమైంది. మిగతావాళ్లు పోల్చుకోకముందే పరుగెత్తి గంట తాడు అందుకున్నాడు. ఆటో ఎలీషా వీధి దాటేదాకా వదల్లేదు. "ఇయ్యాల గింతసేపు కొడుతున్నవేంది పాస్టరయ్యా?" అని కువైట్ నుంచి యోబు నవ్వాడు. మధ్యాహ్నం ఎలీషా ఇంటికి పోతే, గడపలో నిలబడ్డ అతని భార్య మార్తమ్మ తలెత్తలేదు. పాస్టర్ తొంగిచూడలేదు గానీ, లోపలికి వినబడేలా అన్నాడు: "భుజం గుంజుతుంది బిడ్డా. అచ్చే శుక్రారం గంట కొట్టెటందుకు ఒక మనిషి కావాలె."

చీకటి గదిలోంచి సన్నగా గొంతు వినిపించింది. "నేనస్త అయ్యా."