పెనుకొండలో పువ్వు అడిగి ధర్మవరం బస్సెక్కాను

హిందూపురం నుంచి ధర్మవరం వెళ్ళడానికి ఎవరూ పెద్దగా ఆలోచించరు. నేను మాత్రం పది రోజులు ఆలోచించాను. కారణం శంకర బావ. దూరపు వరసకు బావ, ధర్మవరంలో మగ్గాలకు పట్టు నూలు అమ్ముతాడు. ఇరవై ఏళ్ళ కిందట మా ఇద్దరికీ పెళ్ళి చేద్దామనుకున్నారు. పెనుకొండలో ఒక చిన్న ఆంజనేయస్వామి గుడికి పోయి మా అమ్మ పువ్వు అడిగింది. ఎడమ పువ్వు పడింది. "రాసిపెట్టి లేదు" అని పెద్దవాళ్ళు లేచి వచ్చేశారు. ఆయన వేరే పెళ్ళి చేసుకున్నాడు. ఆయన భార్య మూడేళ్ళ కిందట కాలం చేసింది. నాకు తర్వాత వచ్చిన సంబంధాలేవీ నచ్చలేదన్నాను కానీ, నిజానికి నేను ఏదీ సరిగ్గా చూడనే లేదు. మొన్న ఆయనే ఫోన్ చేశాడు. "ఈ ఆదివారం కాదు, పై ఆదివారం ధర్మవరానికి రా. వస్తే పెళ్ళి మాట మాట్లాడుకుందాం. రాకపోతే ఇంక అడగను" అన్నాడు. నేను తిన్నగా పోయేదాన్నేనా? దారిలో పెనుకొండలో దిగి, ఈసారి నేనే పువ్వు అడగాలనుకున్నాను.

హిందూపురం బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, ఎనిమిది గంటల బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. పెనుకొండకు గంట పైన పడుతుంది. కుడివైపు కిటికీ దొరికితే వదలకండి. ఊరు దగ్గరపడేకొద్దీ కొండ మీద పెద్ద గుండ్లూ, కోటగోడా కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళలో ఈ దారిన ఎన్నోసార్లు పోయాను. కొండ కనబడగానే తల తిప్పుకోవడం అలవాటైపోయింది. ఆ రోజు మాత్రం తిప్పుకోలేదు.

బస్టాండు బయట ఆటో అతను మస్తాన్ "యాడికక్కా?" అన్నాడు. గుడి పేరు చెప్పగానే "పువ్వు అడిగేకా?" అని నవ్వాడు. నాకు చుర్రుమంది.

"నీకెట్ల తెలుసు?"

"ఆడికి పోయేటోళ్ళు పోయేటప్పుడు నోరు తెరవరక్కా. వచ్చేటప్పుడు నోరు మూయరు. మా పాప పెండ్లికి మా ఆడమనిషి కూడా వచ్చి అడిగిపాయ." నలభై రూపాయలకు గుడి ముందు దించాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తడిపిన పూలు రెండు తీసుకుని, స్వామి కుడి భుజానికి ఒకటి, ఎడమ భుజానికి ఒకటి అంటిస్తారు. మనసులో మాట అనుకుని కూర్చుంటాం. కుడి పువ్వు ముందు రాలితే సరేనని, ఎడమది రాలితే వద్దని. ఆ గుడిలో పువ్వు అడిగినవాళ్ళే అంటించాలి, పూజారి ముట్టుకోడు. రెండు పూలూ నీళ్ళ చెంబులో బాగా ముంచి అంటించి, వచ్చి స్తంభానికి ఆనుకున్నాను. పక్కన గోరంట్ల నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చుని ఉంది.

"ఏం పాపా, రెండింటికీ సమంగా నీళ్ళు అంటిస్తివే?" అంది.

"మరి ఎట్ల అంటించాలవ్వా?"

"కావాల అనుకుంటే కుడిదానికి నీళ్ళు తక్కువ. బిరీన ఆరి రాల్తాది. వద్దనుకుంటే ఎడమదానికి తక్కువ. మా కోడలి విషయంలో నేను అట్లే చేసినా."

"అది మోసం కాదా?"

"మోసమేమి? నీళ్ళు అంటించేది మనం, రాల్చేది స్వామి. ఆయన వద్దనుకుంటే నీళ్ళు ఆపుతాయా?"

ఇరవై ఏళ్ళ కిందట పూలు అంటించింది మా అమ్మ. నాన్న పోయిన ఏడాది అది. నన్ను ధర్మవరం పంపితే ఇంట్లో తాను ఒంటరైపోతానని అమ్మకు భయం ఉండేది. ఎడమ పువ్వుకు నీళ్ళు తక్కువ అంటించిందా? తెలియదు. అడుగుదామంటే అమ్మ లేదు. ఆమె మీద కోపం రాలేదు. ఒక్కసారి పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది.

ఎండ ముదిరింది. రెండు పూలూ కదల్లేదు. పన్నెండున్నరకు గుడి మూస్తామని పూజారి తాళాలు తీసుకున్నాడు. నేను చెప్పులేసుకున్నాను.

"పువ్వు చూడకుండా పోతాండావేం పాపా?" అంది అవ్వ.

"ఎడమది పడినా పోవాలనే ఉందవ్వా."

"అయితే పో. స్వామి ఈడే ఉంటాడు, యాడికీ పోడు."

పెనుకొండ నుంచి ధర్మవరానికి బస్సులో గంట పైనే. రైళ్ళు ఉన్నాయి కానీ మధ్యాహ్నం వాటిని నమ్ముకోకండి. ధర్మవరం బస్టాండులో చీరల సంచులు మోసుకొస్తున్న జనం మధ్య బావ నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. పక్కన బడ్డీకొట్టులో టీ చెప్పాడు. పువ్వు సంగతంతా చెప్పేశాను, చూడకుండా వచ్చానని కూడా.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నీకు ఫోన్ చేసే ముందు శనివారం నేనూ ఆడికే పోయి అడిగినా. ఎడమే పడింది."

"మరి ఫోన్లో చెప్పలేదే?"

"చెప్తే నువ్వు రావు కదా."

"పడిందని తెలిసీ ఇక్కడ నిలబడ్డావా?"

"పొద్దున్నుంచీ నిలబడే ఉండా. పోయినసారి పెద్దోళ్ళు లేచినారని నేనూ లేచినా. ఈసారి లేచేది లేదు."

రాత ఉందా లేదా అని వాదించేంత చదువు నాకు లేదు. ఉందనే నమ్ముతాను, ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. కానీ రాత ఉన్నంత మాత్రాన మన కాళ్ళు మనవి కాకుండా పోతాయా? బావకు వద్దనే వచ్చింది, అయినా వచ్చాడు. నాకు ఏమొచ్చిందో తెలియదు, అయినా వచ్చాను. ఇద్దరం అక్కడ కలవడమే రాతేమో, ఎవరు చెప్పగలరు. ఒక్కటే బాధ. ఈ మాట ఇరవై రెండేళ్ళ వయసులో తెలిసి ఉంటే ఆయన జుట్టు నెరవడం రోజూ చూస్తూ ఉండేదాన్ని. ఆ ఏళ్ళు కావాలని ఇప్పుడూ ఉంది, దొరకవని తెలిసి కూడా.

వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. ధర్మవరం నుంచి హిందూపురానికి సాయంత్రం బస్సులు బాగానే ఉంటాయి, తిరుగు టికెట్ ముందే తీయకండి. నేను ఆ సాయంత్రం రైలుకు తీసుకున్నాను. అది అట్లే పర్సులో ఉంది.