చెట్టుకి గాయం చెయ్యని చెయ్యి

గొప్పలు చెప్పుకోవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బే. ఈసారి గొప్ప నాది కాదు, మా నాన్నది. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీకులు మరిచిపోతాయని లోకమంతా కంగారుపడుతున్న రోజులవి. జురాంగ్ ఈస్ట్‌లో మా ఆఫీసు. నా పక్క సీటాయన ఘనా ఉత్తర ప్రాంతం మనిషి, దగొంబా జాతి. వాళ్ల చరిత్రని కాపాడేది డోలు వాయించే కుటుంబాలట. రాజు ఎదుట కూర్చుని ఆయన వంశమంతా ఒక్క పేరు తప్పకుండా వినిపించాలట. ఆ ఇంటి ఆడపడుచు తన పిల్లల్లో ఒకరిని ఆ విద్య కోసం పుట్టింటికి ఇచ్చెయ్యాలి. ఈయన అలా మేనమామ దగ్గర పెరిగాడు. సన్న నడుము డోలుని చంకలో ఇరికించుకుని తాళ్లు నొక్కితే అది వాళ్ల భాషలో హెచ్చుతగ్గులతో పలుకుతుందని చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఆయన ఠీవి చూస్తే నాకు కుళ్లుగా ఉండేది.

మా అబ్బాయి బారసాలకి వాయించమని అడిగాను. ఒప్పుకుని, మీ పెద్దల పేర్లూ వాళ్లు చేసిన పనులూ చెప్పమన్నాడు. పిల్లాడి తల్లినైన నా వైపు వాళ్లయినా పెద్దలే అన్నాడు. మా తాత జొహోర్ రబ్బరు తోటలో పాల కోసం చెట్లు గీసిన కూలీ. బారసాలకి ఆఫీసు ఆఫీసంతా వస్తోంది. తోటలో గుమాస్తాగా చేశాడని చెప్పేశాను, తడబడకుండా.

ఆయన తలూపాడు గానీ, ఇంటి పెద్ద నోట వినకుండా వాయించకూడదన్నాడు. పోయినవాళ్ల గురించి డోలు అబద్ధం పలికితే ఆ కీడు డోలు పట్టినవాడి ఇంటికే తగులుతుందట. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

శనివారం జురాంగ్ వెస్ట్‌లో మా ఫ్లాట్‌కి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోకుండా నాన్న ముందు గొంతుకూర్చుని నిద్ర గురించి, ఒంట్లో ఎలా ఉందో, ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారో ఒక్కొక్కటీ అడిగాడు. నాన్న ఇంగ్లీషు అంతంతమాత్రం, అందుకని మాటలు నేనే చేరవేశాను. చివరికి, మీ నాన్నగారు గుమాస్తాగా చేశారట కదా అన్నాడు. అదీ నాన్నకి తెలుగులో చెప్పక తప్పలేదు.

నాన్న నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"గుమాస్తా ఎవరు తల్లీ? మా అయ్య చెట్లు గీసేవాడు. ఆయన కత్తి బెరడు దాటి దిగేది కాదు, చెట్టుకి గాయం ఉండేది కాదు. తోటలో ఎవర్నడిగినా చెప్పేవాళ్లు. అది చెప్పు ఆయనకి."

మార్చి చెప్పినా అక్కడ పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. సిగ్గుతో చచ్చిపోతూనే ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు చెప్పింది అబద్ధమనీ ఒప్పుకున్నాను. ఆయనకి కోపం రాలేదు. పేరు తప్పితే మా మామ మొదటినుంచీ చెప్పించేవాడు అన్నాడు. నా చేత కూడా చెప్పించాడు, మూడుసార్లు. తాత పేరు, ఊరు, పని.

బారసాల మా బ్లాకు కింద ఖాళీ జాగాలో చేశాం. ఆయన చారల చేనేత అంగీ వేసుకొచ్చాడు. డోలు ఎవరి పెద్దల్ని తలిస్తే వాళ్లు లేచి అడుగు వెయ్యాలట, కూర్చుండిపోతే ఆ పెద్దల్ని కాదన్నట్టేనట. ఈ సంగతి ముందే చెబితే, "నాకు సిగ్గు లా, నేను రాను" అని, ఇక్కడివాళ్ల మాదిరి మాట చివర 'లా' తగిలించి మరీ, నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు.

డోలు మోగింది. డోలు పలికినదాన్ని ఆయన ఇంగ్లీషులో కూడా గట్టిగా చెబుతున్నాడు: చెట్టుకి గాయం చెయ్యనివాడి కొడుకు ఎక్కడున్నాడు?

నాన్న లేచాడు. కొత్త పంచె సర్దుకుని నాలుగడుగులు ముందుకొచ్చాడు. డాన్సు ఆయనకేం వచ్చు? చిన్నప్పుడు వాళ్ల అయ్య నేర్పిన పనే వచ్చు. కుడిచెయ్యి ఎత్తి, మణికట్టు తిప్పుతూ, లేని చెట్టుని ఏటవాలుగా గీసుకుంటూ డోలుకి సరిగ్గా అడుగు వేశాడు. ఆ చెయ్యి ఎక్కడా తొణకలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని ఆయన వెనక నేనూ నడిచాను.

ఇదంతా ఎవరి గురించని మా మేనేజరు అడిగాడు. రబ్బరు తోట కూలీ, మా తాత, అన్నాను. డోలు మోతలో వినపడలేదేమో, మళ్లీ అడిగాడు.

ఈసారి అరిచి చెప్పాను.